సంస్థ తన కోడ్‌ను ఉచితం చేస్తే షేర్ల మాటేమిటి?

ప్రశ్న: నేను పనిచేసే సంస్థ ఇన్నాళ్లూ లైసెన్సులు అమ్ముకున్న తన డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకునేలా, విడుదల చేస్తోంది. నా పొదుపులో సగానికి పైగా ఈ సంస్థ షేర్లే. అమ్మేయమంటారా?

సమాధానం: లైసెన్సు రుసుము పోయినంత మాత్రాన ఆదాయమంతా పోయినట్టు కాదు. కీలకమైన లెక్కలన్నీ ఒక డేటాబేస్‌లో నడుపుతున్న పెద్ద ఖాతాదారు, కోడ్ ఉచితమైంది కదా అని సపోర్ట్ (సాంకేతిక సాయం) ఒప్పందాన్ని వదులుకోవడం అరుదు. అందుచేత వార్షిక నివేదికలో ఆదాయ వివరాల పట్టిక తీసి, కొత్త లైసెన్సుల అమ్మకం వాటా ఎంతో, సపోర్ట్, క్లౌడ్ చందాల వాటా ఎంతో చూడండి. మొదటిదే ఎక్కువైతే రాబడికి గండి పడే అవకాశముంది.

కోడ్ ఉచితమైనా సంస్థకు విలువ ఉండవచ్చు: 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ సుమారు 100 కోట్ల డాలర్లు పెట్టి కొన్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సంస్థ కోడ్ అప్పటికే అందరికీ ఉచితం. రీథింక్‌డీబీ అనే మరో ఓపెన్ సోర్స్ డేటాబేస్ సంగతి వేరు: సంస్థ 2016లో మూతపడింది, మరుసటి ఏడాది దాని కోడ్ హక్కులు 25,000 డాలర్లకు చేతులు మారాయి. కోడ్ బతికింది గాని, ఆ సొమ్ము వాటాదారులకు ఏ మూలకు వస్తుంది? మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది బోర్లాండ్ ఉదంతం. 2000లో తన ఇంటర్‌బేస్ డేటాబేస్ కోడ్‌ను విడుదల చేసిన ఆ సాఫ్ట్‌వేర్ సంస్థ, తర్వాత మనసు మార్చుకుని మళ్లీ వాణిజ్య అమ్మకానికే మళ్లింది. అయితే విడుదలైన కోడ్‌తో బయటివారు అప్పటికే ఫైర్‌బర్డ్ అనే ఉచిత డేటాబేస్‌ను మొదలుపెట్టేశారు. అంటే సంస్థ తన సొంత సరుకుకు ఉచితంగా దొరికే పోటీని తానే పుట్టించుకుంది. యాజమాన్యం ఎంత గట్టిగా భరోసా ఇచ్చినా ఈ నష్టభయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

నిజానికి నన్ను కలవరపెట్టేది ఈ ప్రకటన కాదు, ఆ సగం వాటా. జీతమూ పొదుపూ ఒకే సంస్థ మీద ఆధారపడితే, గడ్డుకాలంలో రెండూ ఒకేసారి దెబ్బతింటాయి. ఈ వాటాను పది శాతం దరిదాపులకు తగ్గించుకోవాలన్నది నా సలహా. ధర కోసం ఎదురుచూడకుండా, పన్ను భారం చూసుకుంటూ, ఏడాది వ్యవధిలో విడతలుగా అమ్మండి. తొలి విడత సొమ్మును ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పక్కన పెట్టండి. ఇంకా మీ పేరిట జమకాని షేర్లను ఆస్తిగా లెక్కించవద్దు. ఒక్క జాగ్రత్త: ఈ విడుదల గురించి ఇంకా బహిరంగం కాని సంగతులు ఉద్యోగిగా మీకు తెలిసి ఉంటే, అవి వెల్లడయ్యే దాకా ఒక్క షేరు కూడా అమ్మకండి, ఆ తర్వాతైనా సంస్థ నిబంధనల విభాగం నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకున్నాకే అమ్మండి.