ట్రెడ్‌మిల్ కొంటే మా బాబు తొందరగా నడుస్తాడా?

ప్రశ్న: మా బాబుకి 6 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ, మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాని సమస్య). కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి, వాకర్ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తాడు. ఫిజియోథెరపీలో పైనుంచి బెల్టులు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తున్నారు, వాడికి భలే ఇష్టం. ఇంట్లో కూడా ఒకటి ఉంటే మంచిదని మా ఆడపడుచు అంటోంది, ఈఎంఐలో తీసుకోమంటారా? – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా, ఆ డబ్బులు దాచుకోండి. నడక రావాలంటే నడవాలి, అదీ చాలా అడుగులు వెయ్యాలి. ట్రెడ్‌మిల్ పట్టా కాలిని వెనక్కి లాగుతుంది కాబట్టి తర్వాతి అడుగు పడుతుంది, బెల్టులు కొంత బరువు మోస్తాయి కాబట్టి పడిపోతానన్న భయం ఉండదు, అందుకే తక్కువ టైంలో ఎక్కువ అడుగులు పడతాయి. కానీ అంతే సేపు నేల మీద నడిపించిన పిల్లలతో పోల్చి చూస్తే పెద్ద తేడా ఏమీ కనపడలేదు.

ఇంక ఇళ్లల్లో వాడే మిషన్లు పెద్దవాళ్ల కోసం చేసినవి. చాలావాటిలో స్పీడ్ గంటకి 0.8 లేదా 1 కిలోమీటరు దగ్గరే మొదలవుతుంది, థెరపీవి 0.1 నుంచి కూడా నడుస్తాయి. పట్టుకునే రాడ్లు మీ వాడి భుజాల దాకా వస్తాయి, బెల్టులు ఉండవు, పాపం వాడు చేతులతో వేలాడుతూ వేళ్లు ఈడ్చుకుంటూ పోతాడు, అది నడక కాదు.

ఇంట్లో కాళ్లకి స్ప్లింట్లు (పాదం నిటారుగా పట్టి ఉంచే పట్టీలు) వేసి వాకర్‌తో రెండు పూటలా ఓ పది నిమిషాలు నడిపించండి. ఊరికే నడవమంటే నడవడు, వంటింట్లోంచి నాన్నకి టమాటా ఇచ్చి రమ్మనండి, పరిగెత్తుతాడు. బూటు ముందు భాగం నేలకి చర్ చర్‌మని రాసుకునే చప్పుడు ఎక్కువైందంటే అలిసిపోయాడని అర్థం, కూర్చోబెట్టెయ్యండి.

ఫీజులు భారమైతే మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉందేమో, జిల్లా ఆసుపత్రిలో డైక్ సెంటర్ (పిల్లల ఎదుగుదల లోపాలకి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం) ఉందేమో కనుక్కోండి, అక్కడ థెరపీ ఫ్రీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ ఏడాదికి లక్ష దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చుకి కూడా పనికొస్తుంది.

ఒక్కటి మీరు అడగలేదు గానీ నేనే అడుగుతున్నా, తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీయించారు? వాకర్‌తో నడిచే సీపీ పిల్లల్లో చాలామందికి తుంటి కీలు నొప్పి లేకుండానే మెల్లగా పక్కకి జరుగుతుంటుంది. ఈ మధ్య తీయించకపోతే ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండమ్మా.