డంపు యార్డును కప్పేశారు సరే, కింద నీళ్ల మాటేంటి?

మీ ప్రశ్న ఇదీ: పాత డంపు యార్డు మూతపడి చాలా ఏళ్లయింది, చెత్త గుట్టను షీటుతో కప్పి పైన గడ్డి పెంచారు, దగ్గర్లో ప్లాటు తక్కువకు వస్తోంది, బోరు వేసుకుని ఆ నీళ్లు వాడుకోవచ్చా? ప్లాటు సంగతి తర్వాత. తాగడానికీ వంటకీ మాత్రం ఆ బోరును నమ్మకండి. మా అక్కావాళ్లు అలాంటి చోటే ఇల్లు కట్టుకున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏ ఊరన్నది అనవసరం. వాళ్లు గృహప్రవేశం చేసే నాటికే అక్కడికి చెత్త లారీలు రావడం ఆగిపోయింది. దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్ట. ఇక్కడ పార్కు వస్తుందని చెప్పి మరీ అమ్మారు. ఎండాకాలంలో బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నా వాడుకోవడానికి బాగానే ఉండేవి. వానలు గట్టిగా పడ్డాక మొదలైంది అసలు కథ. మోటారు వేయగానే బకెట్లో పడే నీళ్లు తేటగానే ఉండేవి, కుళ్లిన గుడ్ల వాసన మాత్రం గుప్పున కొట్టేది. కాసేపు వదిలేస్తే అవే నీళ్లు పసుపు రంగుకు, ఆపైన తుప్పు రంగుకు తిరిగేవి. బకెట్ అంచున వేలు పెడితే జిగురుగా ఎర్రమడ్డి. ఒకరోజు బావ ఆఫీసువాళ్లు ఇంటికొస్తే అక్క డికాక్షన్ పెట్టింది. టీపొడి వేసి మరిగించగానే గిన్నెలో నీళ్లు నల్లగా అయిపోయాయి. పాలు పోస్తే బూడిద రంగు. అక్క ఏమీ అనకుండా గిన్నెడు టీ సింకులో పారబోసి, పిల్లాణ్ని కూల్‌డ్రింకులకు కొట్టుకు పంపింది. ఆ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. ఉన్నదంతా ఊడ్చి కట్టుకున్న ఇల్లు అది.

ఆ నలుపు ఇనుము వల్ల. చెత్త కుళ్లేటప్పుడు కింద నేలలో ఉన్న ఆక్సిజన్‌నంతా లాగేసుకుంటుంది. ఆక్సిజన్ లేని నీళ్లలోకి మట్టిలోనూ రాతిలోనూ ఉన్న ఇనుము, మాంగనీసు కరిగి దిగుతాయి. బయటికొచ్చి గాలి తగిలితే ఇనుము తుప్పుగా మారుతుంది. టీలోని వగరుతో కలిస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద బెల్లం, ఇనుము నానబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీసేది ఈ లెక్కనే. ఇనుముతో ప్రాణం మీదికి రాదు. కానీ డంపు పక్కన బోరులో అది కొత్తగా కనిపించిందంటే చెత్త ఊట, అంటే చెత్తలోంచి కిందికి దిగే మురికి నీరు, మీ దాకా వచ్చిందేమోనని అనుమానించాల్సిందే. దాని వెంట అమ్మోనియా, క్లోరైడు ఉంటాయి, ఆ గుట్టలో పాత బ్యాటరీలూ రంగు డబ్బాలూ పడి ఉంటే సీసం లాంటివీ ఉండొచ్చు. మరిగిస్తే క్లోరైడు, సీసం లాంటివి పోవు. నీళ్లు ఆవిరై లవణాలు ఇంకా చిక్కబడతాయి.

ఇక్కడ ఫిల్టర్లు అమ్మేవాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. పెన్నులాంటి టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచి, నంబరు చూపించి, మీకేం భయం లేదు మేడం అంటారు. ఆ మీటరుకు తెలిసేది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ని అనేదే. అందులో ఉప్పెంత, సీసమెంత అన్నది దానికేం తెలుసు? ల్యాబుకు వెళ్తే అక్కడా పీహెచ్, కాఠిన్యం, టీడీఎస్ చూసి తాగొచ్చని రాసిచ్చారు. అమ్మోనియా, నైట్రేటు, క్లోరైడు, ఇనుము, మాంగనీసు, సీసం, సీఓడీ (నీళ్లలో కుళ్లిన మురికి ఎంత ఉందో చెప్పే లెక్క) అని పేరు పేరునా అడిగి చేయించుకోవాలి. అదీ వానల తర్వాత ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి.

ఇప్పుడు కప్పడం గురించి. పైన షీటు వేస్తే వాన నీరు గుట్టలోకి దిగదు, కొత్త ఊట తగ్గుతుంది, వాసనా మంటలూ తగ్గుతాయి. మంచిదే. కానీ మన పాత డంపు యార్డుల్లో చాలావాటికి అడుగున షీటే లేదు, చెత్తను నేరుగా నేల మీద పోశారు. వానాకాలంలో భూగర్భజలం పైకి లేచి చెత్త అడుగును తాకితే పైకప్పు ఏం చేస్తుంది? ఇన్నేళ్లుగా ఇప్పటికే కిందికి దిగిన మురికిని ఎవరు తీస్తారు? హైదరాబాద్ జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పాత చెత్తను కప్పారు. అయినా పక్కన మల్కారం చెరువులో చేరిన నల్లటి ఊటను శుద్ధి చేసే పని విడిగా పెట్టుకోవాల్సి వచ్చింది. అమెరికాలో లవ్ కెనాల్ అనే చోట పూడ్చిన రసాయన వ్యర్థాల మీద 1978లో ఎమర్జెన్సీ ప్రకటించారు. 2004లో ప్రమాదకర స్థలాల జాబితా నుంచి దాన్ని తీసేశారు. తీసేశాక కూడా అక్కడ ఊటను తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. అంత డబ్బున్న దేశంలోనే పరిస్థితి అది!

పైగా మన దగ్గర చాలాచోట్ల కింద ఉన్నది బండ. మొరం దాటాక నీళ్లు రాతి పగుళ్లలోనే నడుస్తాయి. పక్కింటి బోరు బాగుందని మీది బాగుంటుందన్న నమ్మకం లేదు. డబ్బులు మిగులుతాయని బండ దాకా కేసింగ్ దించకపోతే పైనున్న మురికి నేరుగా బోరులోకి దిగుతుంది.

బయోమైనింగ్ చేశారంటే కప్పడం కన్నా నయం. గుట్టను తవ్వి, జల్లెడ పట్టి, ప్లాస్టిక్‌ను సిమెంటు ఫ్యాక్టరీలకు పంపి, స్థలం ఖాళీ చేస్తారు. కానీ జల్లెడ కింద పడ్డ మట్టిని ప్లాట్లు మెరక చేయడానికి తోలుకుపోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందులో గాజు పెంకులే కాదు, కంటికి కనపడనివీ ఉంటాయి. గుట్ట పోయిన చోట నేలను కూడా లోతుగా పరీక్షించాలి. మురికి నీటి దారికి అడ్డంగా బోర్లు వేసి, తోడి, శుద్ధి చేయాలి. ఏళ్లు పట్టే పని అది, రిబ్బన్ కటింగ్ ఫొటో రాదు, అందుకే ఎవరూ ముట్టుకోరు.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో మూసేసిన ల్యాండ్‌ఫిల్‌ను కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలని, భూగర్భజలం పరీక్షించాలని రాశారు. కాబట్టి మీరు అడ్వాన్స్ ఇచ్చే ముందు మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు కింద ఆ రిపోర్టులు అడగండి. పరిశీలన బోర్లు ఎక్కడున్నాయో, గుట్టకు ఎగువన ఎన్ని, దిగువన ఎన్ని ఉన్నాయో కూడా అడగండి. పైపులైను నీళ్లు ఆ వీధి దాకా వచ్చి ఉంటే తాగడానికి, వంటకి అవే వాడుకుని, బోరును మొక్కలకూ బాత్‌రూముకూ పరిమితం చేసుకోవచ్చు. పైపులైనూ లేదు, రిపోర్టులూ లేవంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. మీ ప్లాటు గుట్టకు వాలు వైపు ఉందా, మెట్ట వైపు ఉందా? అది రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను.