ఆఫీసులో తప్పు చేస్తే ఇంగ్లీషులో క్షమాపణ ఎలా చెప్పాలి?

తెలుగులో ‘పొరపాటు జరిగింది’ అంటే మర్యాదగానే ఉంటుంది. చేసినవాడు వాక్యంలో కనిపించనవసరం లేదు. దాన్నే ‘మిస్టేక్ హ్యాపెన్డ్’ అని మారిస్తే తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది. బరంపురంలో గుమాస్తాగా ఉన్నప్పుడు పర్లాకిమిడి బస్తాలను రాయగడ లారీలో ఎక్కించి, నేనూ అలాగే రాశాను. ‘ఎవరివల్ల జరిగింది?’ అని పై అధికారి ఒడియాలో అడిగారు. నిజమే, ఆ కాగితంలో నేను ఎక్కడా లేను!

ఇంగ్లీషులో కర్త ముందుండాలి: ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’. మన ‘చేశాను’ను చూసి ‘డిడ్’ అనకండి. మిస్టేక్‌కు జత ‘మేడ్’. వెంటనే సరుకు ఎప్పటికి చేరుస్తారో రాయండి. ‘సారీ’ ఒక్కసారి చాలు. దాని వెనకే ‘బట్’ వస్తే మాత్రం, ఆ సారీ కూడా చెల్లదు.