లేఆఫ్ అయ్యాక కాంట్రాక్ట్ పని: నాకు దొరికిన తీరు

మీ ప్రశ్న ఇదీ కదా: తొమ్మిదేళ్ళ జావా అనుభవం, లేఆఫ్ అయి నాలుగు నెలలు, పర్మనెంట్ ఉద్యోగాలకి కాల్స్ లేవు. హైదరాబాద్‌లో కాంట్రాక్ట్‌కి వెళ్ళొచ్చా, వెళ్తే ఎక్కడ వెతకాలి?

వెళ్ళండి. నాది జావా కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. 2023 మార్చిలో మాధాపూర్‌లో నేను చేసే కంపెనీ మా టీమ్ మొత్తాన్ని ఒకే రోజు తీసేసింది. అప్పటికి నాకు పదకొండేళ్ళ అనుభవం. ఆగస్టులో కాంట్రాక్ట్ మీద చేరాను, ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

మొదటి మూడు నెలలు మాత్రం దండగే. లింక్డ్‌ఇన్‌లో కనబడిన ప్రతిదానికీ అప్లై కొట్టడం, పొద్దున లేవగానే మెయిల్ చూసుకోవడం. కాంట్రాక్ట్ అనే మాట ఇంట్లో ఎత్తితే మా అమ్మకి గుర్తొచ్చేది మునిసిపాలిటీ రోడ్లే. "ఇంత చదివించింది కాంట్రాక్టు పనికా?" అంది. నాకూ లోపల అదే చిన్నచూపు ఉండేది, దాచడమెందుకు? మా పాత ఆఫీసులో కాంట్రాక్ట్ వాళ్ళ ఐడీ ట్యాగు రంగు వేరు. మాది నీలం, వాళ్ళది నారింజ. టీమ్ అవుటింగ్‌కి వాళ్ళని పిలిచేవాళ్ళు కాదు. నా పక్క సీట్లో రెండేళ్ళు కూర్చున్నాయన ఏ కంపెనీ పేరోల్ మీద ఉన్నాడో నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

జూన్‌లో ఆయనకే ఫోన్ చేశాను, మొహమాటపడుతూనే. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అన్నాడు నవ్వుతూ. అరగంటలో ఆరుగురు రిక్రూటర్ల నంబర్లు వాట్సాప్‌లో వచ్చాయి, ఒక్కొక్కరి పక్కన ఒక ముక్కతో సహా: ఈమె ఫోన్ ఎత్తుతుంది, ఇతను రేటు తక్కువ చెప్తాడు, వీళ్ళు జీతం టైముకి వేస్తారు. ఏ పోర్టల్లోనూ దొరకని సమాచారం అది. మీ పాత ఆఫీసులోనూ ట్యాగు రంగు వేరైన వాళ్ళు ఉండే ఉంటారు. ముందు వాళ్ళకి ఫోన్ చేయండి, నౌక్రీ లాంటి జాబ్ సైట్ల సంగతి తర్వాత.

ఎందుకంటే పెద్ద కంపెనీలు కాంట్రాక్ట్ మనుషుల్ని చాలావరకు నేరుగా తీసుకోవు. తమ లిస్టులో ఉన్న కొద్దిమంది వెండర్లకి, అంటే మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలకి, రిక్వైర్‌మెంట్ (ఏ పనికి ఎలాంటి మనిషి కావాలో) పంపిస్తాయి. ఆ వెండర్ రెండు మూడు రోజుల్లో ప్రొఫైళ్ళు పెట్టాలి. చేతిలో మనిషి లేకపోతే ఇంకో చిన్న వెండర్ని అడుగుతాడు. అందుకే "రేపు సాయంత్రం ఇంటర్వ్యూ, ఓకేనా?" అని హడావిడిగా ఫోన్లు వస్తాయి. ఈ హడావిడిలో మీకో లాభం ఉంది. ఉద్యోగంలో ఉన్నవాడికి తొంభై రోజుల నోటీసు, మీరు సోమవారం చేరగలరు. నాలుగు నెలల గ్యాప్‌ని దాచుకుంటూ మాట్లాడకండి, "ఇమ్మీడియట్ జాయినర్" అని రెజ్యూమ్ పైనే రాయండి. నేనైతే మొత్తం అనుభవం, ప్రస్తుత సీటీసీ (ఏడాదికి మొత్తం ప్యాకేజీ), అడిగే సీటీసీ, లొకేషన్, ఇంటర్వ్యూకి ఖాళీ ఉన్న టైములు అన్నీ ఫోన్‌లో ఒక నోట్‌గా రాసి పెట్టుకున్నా. రిక్రూటర్ అడిగిన నిమిషంలో అతికించి పంపేదాన్ని.

ఇక్కడే నేనో పొరపాటు చేశాను. ఒకే రిక్వైర్‌మెంట్‌కి ఇద్దరు వెండర్లు నా ప్రొఫైల్ పెట్టారు. మొదటివాడు క్లయింట్ పేరు, అంటే పని ఏ కంపెనీదో, చెప్పలేదు, నేనూ అడగలేదు. క్లయింట్ దగ్గర రెండు కాపీలు కనబడేసరికి, వెండర్ల మధ్య గొడవ మనకెందుకని నన్ను పక్కన పెట్టేశారు. నా స్కిల్స్‌కి అచ్చంగా సరిపోయిన పని, ఇంటర్వ్యూ దాకా కూడా పోలేదు. ఆ తర్వాత నుంచి క్లయింట్ పేరు చెప్పకుండా రెజ్యూమ్ పెట్టొద్దని మెయిల్‌లోనే రాసేదాన్ని. ఎవరు, ఎప్పుడు, ఏ క్లయింట్‌కి పెట్టారో ఒక షీట్‌లో వేసుకునేదాన్ని. పిచ్చి పనిలా ఉంటుంది గానీ, నెల తిరిగేసరికి నలభై వరసలు అయ్యాయి, గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు.

ఇంటర్వ్యూల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకటి రెండు రౌండ్లు, పజిల్స్ తక్కువ, "ఈ పని చేశారా, చేసి చూపించండి" అన్న తీరు.

డబ్బు దగ్గరే నెమ్మదిగా మాట్లాడాలి. వెండర్ పేరోల్ మీద తీసుకుంటే, మీకు చెప్పిన అంకెలోంచే యజమాని వాటా పీఎఫ్ కూడా పోతుందేమో అడగండి. పీఎఫ్ లెక్కకి తీసుకునే 15,000 మీద 12 శాతం చొప్పున అది నెలకు 1,800, మీ వాటా ఇంకో 1,800. ఇన్వాయిస్ పద్ధతి, అంటే నెలనెలా మీరే బిల్లు పెట్టి డబ్బు తీసుకోవడం అయితే, పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, సెలవు పెడితే ఆ రోజు డబ్బు లేదు. నాకు మొదటి కాంట్రాక్ట్ ఇన్వాయిస్ మీదే, పన్ను కింద 10 శాతం టీడీఎస్ ముందే కోసేవారు. ఏడాది మొత్తం 20 లక్షలు దాటలేదు కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ జోలికి పోలేదు. మీ అనుభవానికి దాటొచ్చు, చేరకముందే ఒక సీఏతో కూర్చోండి. ఇన్సూరెన్స్ మాత్రం సొంతంగా తీసుకుని తీరాలి.

నాకూ క్లయింట్‌కీ మధ్య ఎంతమంది ఉన్నారో చేరేటప్పుడు అడగలేదు. ముగ్గురున్నారని తర్వాత తెలిసింది. క్లయింట్ పైవాడికి డబ్బిచ్చాడు, పైవాడు మధ్యవాడికి ఇచ్చాడు, మధ్యవాడు మాత్రం "ఇంకా రాలేదండీ" అంటూ రెండు నెలలు తిప్పాడు. దసరాకి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవు. మేనేజర్ టైమ్‌షీట్ (పనిచేసిన రోజుల, గంటల లెక్క) అప్రూవ్ చేసిన మెయిళ్ళన్నీ దాచుకున్నాను గనక, పైవాడికి నేరుగా రాసి రాబట్టుకున్నాను. అప్పట్నుంచి నా లెక్క: మధ్యలో ఒక్కడుంటే సరే, ఇద్దరైతే జీతం తేదీ కాగితం మీద ఉండాలి, ముగ్గురైతే దండం.

ఇంకోటి, ఇవాళే చూసుకోండి. పీఎఫ్ పోర్టల్‌లో మీ యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు)తో లాగిన్ అయి, పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేసిందో లేదో చూడండి. వేయకపోతే మీరు ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రెండు ఉద్యోగాలా అని ఆపేస్తారు. చివరి పీఎఫ్ జమ అయి రెండు నెలలు దాటితే ఆధార్ ఓటీపీతో మీరే ఆ తేదీ వేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక నేను చేరడం పది రోజులు ఆలస్యమైంది.

అమీర్‌పేట వైపు నుంచి "డిపాజిట్ కట్టండి, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం" అనే ఫోన్లు మీకూ వచ్చే ఉంటాయి. నిజమైన వెండర్ మీ మీద క్లయింట్ దగ్గర మార్జిన్ తీసుకుంటాడు, మీ దగ్గర రూపాయి అడగడు. అడిగితే ఫోన్ పెట్టేయండి.

నేనిప్పుడు మూడో ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నాను, డిసెంబరు 31 దాకా. పొడిగిస్తామనే అంటున్నారు. క్రితంసారీ అన్నారు, కాగితం మాత్రం ఆఖరి వారంలో వచ్చింది. నవంబరు మొదటి వారం రాగానే షీట్ తెరిచి, ఆ ఆరుగురికీ మళ్ళీ ఒక మెసేజ్ పెడతాను.