టచ్ ఫోన్ మానేసి ఫ్లిప్ ఫోన్ వాడితే రోజులు గడుస్తాయా? రొయ్యల చెరువు దగ్గర వాడుతున్నవాడిగా నా జవాబు

గడుస్తాయండి. నేను వాడుతున్నాను. "నీళ్లలో, దుమ్ములో పని చేసుకునేవాణ్ణి, టచ్ ఫోన్లు తరచూ పాడవుతున్నాయి, గట్టి ఫ్లిప్ ఫోన్ కొనుక్కుంటే సరిపోతుందా, బ్యాంకు పనుల మాటేమిటి" అని కదా మీరు అడిగారు. కొనేముందు ఒక్కటి తేల్చుకోండి. ఏ కాల్ తప్పిపోతే మీ బతుకుతెరువుకి దెబ్బ? ఆ కాల్ కోసం ఫోన్ కొనండి. మిగతావి తర్వాత సర్దుకోవచ్చు.

మాది భీమవరం వైపు. వనామీ రకం రొయ్యల చెరువులు. మాకు తప్పకూడని కాల్ రాత్రిపూట కాపలా అబ్బాయి దగ్గర్నుంచి వస్తుంది: "కరెంటు పోయిందండి, జనరేటర్ స్టార్ట్ అవ్వట్లేదు." ఆక్వా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. చెరువు నీళ్లలో ఉండే ప్లాంక్టన్, అంటే కంటికి ఆనని సన్నటి నాచు, పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళలో ఏరేటర్లు, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే మోటార్లు, ఆగితే రొయ్య పైకి తేలి గట్ల వెంబడి చేరుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే నెలల తరబడి పెట్టిన మేత, పిల్ల ఖర్చు, కూలీ అంతా ఒక్క రాత్రిలో పోతుంది.

కాబట్టి నా ఫోన్ చేయాల్సిన మొదటి పని, రాత్రి మూడింటికి చార్జింగుతో ఉండి పెద్దగా మోగడం. టచ్ ఫోన్ వాడిన రోజుల్లో పొద్దుపోయేసరికి బ్యాటరీ ఎర్రగీతలోకి దిగేది, పడుకునేముందు చార్జింగు పెట్టాలన్న బెంగ ఒకటి. ఇప్పుడు ఆ బెంగ లేదు. రెండు మూడు రోజులకోసారి చార్జింగు పెడితే చాలు. పైగా బ్యాటరీ విప్పి తీసే రకం కాబట్టి ఇంకో బ్యాటరీ నింపి చెరువు దగ్గర షెడ్డులో ఉంచుతాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, అలాంటి రోజుల్లో ఆ రెండో బ్యాటరీ విలువ తెలుస్తుంది. అయితే ఒకటి చెప్పాలి. టవరుకే కరెంటు లేకపోతే ఏ ఫోనూ మోగదు. అందుకే రెండు సిమ్ములు పట్టే ఫోన్ తీసుకుని, వేర్వేరు కంపెనీలవి వేయండి. ఒక టవరు పడుకున్నా రెండోది పలికే అవకాశం ఉంటుంది.

ఇక చేతి సంగతి. చెరువులో దించి ఉంచిన చెక్ ట్రే (మేత చూసుకునే పళ్లెం) పైకెత్తి మేత మిగిలిందా, రొయ్య తిన్నదా అని వేళ్లతో తడిమి చూస్తాం. వేళ్లకి మేత జిగురు, ముంజేతి మీంచి కారుతున్న ఉప్పునీళ్లు. సరిగ్గా అప్పుడే ఫోన్ వస్తుంది. టచ్ ఫోన్ అయితే తడి వేలిని గుర్తుపట్టదు, పైగా తెరమీద పడ్డ నీటిచుక్కని వేలనుకుని ఏదో నొక్కేసుకుంటుంది. ఎండలో తెర కనపడదు. ఫ్లిప్ ఫోన్‌ని బొటనవేలి గోటితో మూత లేపితే కాల్ ఎత్తినట్టే, మూసేస్తే పెట్టేసినట్టే. సెట్టింగుల్లో ఒకసారి మార్చుకుంటే చాలు. బటన్లు వేలికి తగులుతాయి, చూడకుండానే నొక్కొచ్చు. మూసి జేబులో వేస్తే తెర, బటన్లు రెండూ లోపలే ఉంటాయి కాబట్టి సున్నం చల్లేటప్పుడు రేగే పొడి వాటిమీద అంతగా పడదు. జేబులో దానంతటదే ఎవరికో కాల్ వెళ్లిపోవడం కూడా ఉండదు.

"గట్టిది" అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. మన బజారులో దొరికే ఫ్లిప్ ఫోన్ కింద పడితే తట్టుకుంటుందేమో గానీ, నీళ్లలో పడితే తట్టుకోదు. చెరువుల దగ్గర ఫోన్ నీళ్లలో పడని ఏడాది ఉండదు. పడితే వెంటనే వెనకమూత విప్పి బ్యాటరీ, సిమ్ములు తీసేయండి. పనిచేస్తోందా అని ఆన్ చేసి చూడొద్దు. ఉప్పునీరు లోపలుండగా కరెంటు పారితే బోర్డు తినేస్తుంది. అలాగే సెల్ షాపుకి పట్టుకెళ్లి శుభ్రం చేయించండి. బ్యాటరీ ఊడే ఫోన్‌కి ఉన్న పెద్ద సుఖం ఇదే.

ఏ ఫ్లిప్ ఫోన్‌కైనా బలహీనత మడత దగ్గరే. పైమూతనీ కింది భాగాన్నీ కలిపే పల్చటి పట్టీలాంటి వైరు ఆ మడతలోంచే పోతుంది. అది నలిగితే లోపలి తెర తెల్లబోతుంది, లేదా మాట వినపడదు. ఒంటిచేత్తో విదిలించి తెరవడం, పూర్తిగా తెరుచుకున్నాక ఇంకా వెనక్కి వంచడం, వెనకజేబులో పెట్టుకుని బండెక్కడం, ఈ మూడూ మానేస్తే చాలాకాలం మన్నుతుంది. మన్నిక ఒక్కటే కావాలంటే నిజానికి మడత లేని కీప్యాడ్ ఫోనే మేలు. 2003లో వచ్చిన నోకియా 1100 సంగతి మీకు తెలిసే ఉంటుంది. దుమ్ము చొరబడని రబ్బరు బటన్లు, నెత్తిన టార్చిలైటు, ప్రపంచమంతా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మా నాన్నగారు కూడా దాన్నే వాడారు.

అలాంటి పాత ఫోన్ ఇంట్లో ఉంది కదా అని బయటికి తీయకండి, అది 2జీ. జియోకి 2జీ లేదు, ఆ సిమ్ అందులో పలకదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ 2జీ ఉన్నచోట పనిచేస్తుంది, కానీ ఇప్పుడు డబ్బు పెట్టి కొనేటప్పుడు 4జీలో కాల్స్ వెళ్లే వోల్టే ఫోనే అడగండి. ఫ్లిప్‌లో ఈ రకం నోకియా 2660 ఫ్లిప్ 2022 ఆగస్టులో మన దేశానికి వచ్చింది, అప్పటి ధర 4,699 రూపాయలు. పెద్ద బటన్లు, మూత బయట ఒక చిన్న తెర, పక్కన అత్యవసర బటను, 1450 ఎంఏహెచ్ బ్యాటరీ. కొలతకి ఒకటి తెలిసుండాలని చెబుతున్నాను, అదే కొనమని కాదు.

అమెరికాలో మనవాళ్లుంటే అక్కడి క్యోసెరా, సోనిమ్ ఫ్లిప్ ఫోన్లు తెప్పించుకోవాలనిపిస్తుంది. నీళ్లు తట్టుకునేవీ, ఎత్తునుంచి పడ్డా ఆగేవీ వాటిలో ఉన్నాయి, నిజమే. కానీ చాలావరకు అక్కడి నెట్‌వర్క్ కంపెనీలకు ముడిపెట్టి అమ్ముతారు. మన సిమ్ వేస్తే 4జీ కాల్స్ వస్తాయన్న భరోసా లేదు. అంత ఖర్చు వద్దు.

రీచార్జి గురించి సెల్ షాపువాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాల్సిందేనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకు నిబంధన పెట్టింది. ఆ ప్యాకులు 2025 జనవరిలో వచ్చాయి, ఏడాదికి సరిపడేవి కూడా ఉన్నాయి. వాడని డేటాకి డబ్బు కట్టక్కర్లేదు.

బ్యాంకు దగ్గరికి వద్దాం. ఓటీపీలు ఎస్ఎంఎస్‌లోనే వస్తాయి, దానికేం లోటు లేదు. కీప్యాడ్ ఫోన్ల కోసం రిజర్వ్ బ్యాంకు 2022 మార్చి 8న యూపీఐ 123పే మొదలుపెట్టింది. ఫోన్ చేసి, చెప్పినట్టు నంబర్లు నొక్కుతూ డబ్బు పంపొచ్చు. ఒక్కసారికి 5,000 ఉన్న హద్దుని 2024 అక్టోబరులో 10,000 చేస్తామని ప్రకటించారు. పనిచేస్తుంది గానీ టీ కొట్టు దగ్గర నిలబడి పది రూపాయలకి అంత తతంగం ఎవరు చేస్తారండీ? జేబులో చిల్లర ఉండాల్సిందే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఏ ఫోన్‌లో ఉంటే ఆ ఫోన్‌లోనే యూపీఐ యాప్ నడుస్తుంది. సిమ్ ఫ్లిప్ ఫోన్‌లోకి మారిస్తే పాత ఫోన్‌లో యాప్ పట్టుకుని కూర్చోవడం కుదరదు. అందుకని మా ఇంట్లో ఖాతాలు విడగొట్టాం. పంట డబ్బు పడే ఖాతా నా ఫ్లిప్ ఫోన్ నంబరు మీద, ఇంటి ఖర్చుల ఖాతా మా ఆవిడ టచ్ ఫోన్ మీద. ఈ మధ్య పీఎం కిసాన్ పేరు చెప్పి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. నా ఫోన్‌లో అలాంటి ఫైలు తెరుచుకోదు. పంట డబ్బుకి అది పెద్ద రక్షణ. ఫోన్ చేసి ఓటీపీ అడిగే దొంగలు మాత్రం ఈ ఫోన్‌కీ వస్తారు. పొరపాటున మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అది ఏ ఫోన్‌నుంచైనా కలుస్తుంది.

ఒంటరిగా ఉండేవాళ్లయితే టచ్ ఫోన్‌ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. కౌంటు రేట్లు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కన ఇచ్చే ధరలు, పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లోనే వస్తాయి. రొయ్య మీద తెల్లమచ్చ కనపడిందని టెక్నీషియన్‌కి చెబితే "ఫొటో పెట్టండి" అంటాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. నాకు రేట్లు మా ఆవిడ చదివి చెబుతుంది, ఫొటోలు కాపలా అబ్బాయి తీసి పెడతాడు, సర్టిఫికెట్లకి గ్రామ సచివాలయానికి వెళ్తాను. వీళ్ల సాయం లేకపోతే నా ఫ్లిప్ ఫోన్ ఇంత సాఫీగా నడవదు. అలాంటి తోడు లేనివాళ్లు వేరే సిమ్‌తో ఒక టచ్ ఫోన్ ఇంట్లో పెట్టుకోండి, పనికి మాత్రం చిన్నది పట్టుకెళ్లండి.

వచ్చిన లాభాల్లో నేను ఎక్కువ విలువిచ్చేది ఒకటుంది. గట్టు మీద కూర్చున్నప్పుడు చెవి ఖాళీగా ఉంటోంది. ఏరేటర్ మోతలో తేడా వస్తే, బేరింగు అరుస్తుంటే, ఇంకా ఆగకముందే తెలుస్తోంది. వీడియోలు చూస్తూ కూర్చున్న రోజుల్లో అది ఆగాకే తల ఎత్తేవాణ్ణి.

కొన్నాక నంబర్లన్నీ ఎక్కించి, ముఖ్యమైనవి స్పీడ్ డయల్‌లో పెట్టుకోండి. నాకు 2 మీద కాపలా అబ్బాయి, 3 మీద జనరేటర్ మెకానిక్, 4 మీద లైన్‌మన్. 5, 9 వదిలేయండి. 2017 నుంచి మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో ఈ రెండింట్లో ఏదో ఒకటి నొక్కి పట్టుకుంటే అత్యవసర నంబరు 112కి వెళ్లేలా ఉండాలని నిబంధన. ఆ రాత్రే ఎవరిచేతనైనా ఫోన్ చేయించి, పక్కగదిలో తలుపేసుకుని పడుకుంటే రింగు వినపడుతుందో లేదో చూసుకోండి. వినపడకపోతే మర్నాడే వెళ్లి మార్పించుకోండి, నాలుగు రోజులు పోతే షాపువాడు వెనక్కి తీసుకోడు.