అమ్మాయి ఎలాస్టిన్ అంటోంది, చుట్టాలు బీఈడీ అంటున్నారు

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. ఊపిరితిత్తులు, రక్తనాళాలు సాగడానికి పనికొచ్చే ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో పరిశోధిస్తానంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మంచి విషయమే పట్టుకుంది. పీల్చిన గాలికి సాగిన ఊపిరితిత్తి మళ్లీ ముడుచుకోవాలంటే ఎలాస్టిన్ అనే ప్రోటీన్ కావాలి. బీరపాదుకి పందిరిలా దానికి ఫిబ్రిలిన్ అనే మరో ప్రోటీన్ పోగుల ఆధారం ఉండాలి. ఫిబ్యులిన్లనే మరికొన్ని ప్రోటీన్లు ఈ తీగను ఆ పందిరికి చేరుస్తాయి. ఫిబ్రిలిన్-1 జన్యువులో లోపముంటే మార్ఫాన్ సిండ్రోమ్ వస్తుంది. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే ఈ జబ్బులో గుండె నుంచి బయల్దేరే మహాధమని ఉబ్బి, చీలిపోయే ప్రమాదం ఉంది.

అయితే ఇప్పుడే ఎలాస్టిన్ తప్ప వద్దని భీష్మించుకోవద్దనండి. పీహెచ్‌డీ టాపిక్ చాలావరకు దొరికే గైడ్‌ను బట్టి ఉంటుంది. ప్రోటీన్‌ను శుద్ధి చేయడం, రెండు ప్రోటీన్ల పట్టు ఎంత గట్టిదో కొలవడం ఎమ్మెస్సీలో చేతికి వస్తే ఏ ల్యాబ్‌లోనైనా, ఫార్మా కంపెనీలోనైనా పనికొస్తాయి. ఎమ్మెస్సీకి ఊళ్లోనే ఆంధ్ర యూనివర్సిటీ ఉంది. ఐఐటీలకైతే జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ రాయాలి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, పైన ఇంటద్దె. అంటే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. కానీ మొత్తం ఏడెనిమిదేళ్లు పడుతుంది, పెళ్లి టెన్షన్ పెట్టేవాళ్లకు ముందే చెప్పేయండి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేసుకోవచ్చు.

నా అనుమానమల్లా ఓపిక గురించే. ఎలాస్టిన్ తయారీకి ముడిసరుకైన ట్రోపోఎలాస్టిన్‌ను చల్లటి ఉప్పు ద్రావణంలో కలిపితే నీళ్లలా తేటగా ఉంటుంది. 37 డిగ్రీలకు వేడి చేస్తే గంజిలా తెల్లబడుతుంది, చల్లారిస్తే మళ్లీ తేట. నెయ్యికి సరిగ్గా తలకిందులు! చదివితే ముచ్చటగానే ఉంటుంది. ఆ ప్రోటీన్ శుద్ధిగా చేతికి రావడానికే నెలలు పట్టొచ్చు.

అందుకే వేసవిలో రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయించండి. ఫీజు కట్టించుకుని, పైపెట్ కూడా ముట్టుకోనివ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు వద్దు. సాయంత్రం ఇంటికొచ్చి “ఈరోజు కూడా రాలేదమ్మా” అని మొహం వేలాడేసినా, మర్నాడు పొద్దున్నే తనంతట తానే ల్యాబ్‌కి వెళ్లే మద్దిలపాలెం బస్సెక్కిందనుకోండి, పరిశోధనకే పంపించేయండి.