మొటిమల గుంటలకి మైక్రోనీడ్లింగ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్ళండి, గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేస్తున్నా, ఇంటర్ నుంచీ మొటిమలొచ్చి బుగ్గల మీద గుంటలు పడిపోయాయి, ఇప్పటికీ గడ్డం దగ్గర ఒకటీ రెండూ చీముతో వస్తూనే ఉన్నాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. విజయవాడలో ఒక పార్లర్ వాళ్ళు మైక్రోనీడ్లింగ్ చేస్తాం, ఒక్క సిట్టింగులో మొత్తం పోతాయంటున్నారు, మా ఫ్రెండేమో ఆన్‌లైన్‌లో సూదులుండే రోలర్ కొనుక్కో చాలంటున్నాడు. ఏం చెయ్యమంటారు? – పేరు వెయ్యొద్దండి, గుంటూరు

జవాబు: ఒక్క సిట్టింగులో పోతాయన్నారంటే ఆ గుమ్మం తొక్కొద్దు బాబూ. ట్రీట్‌మెంట్ మంచిదే. సన్నటి సూదులతో చర్మం లోపలి పొర దాకా చిన్న చిన్న పోట్లు పొడుస్తారు, అవి మానేటప్పుడు మన ఒళ్ళే కొత్త కొలాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రొటీన్, పుట్టించుకుంటుంది, దాంతో గుంట మెల్లిగా పైకి లేస్తుంది. దానికి నెలలు పడుతుంది కాబట్టే 4 నుంచి 6 వారాల గ్యాప్‌తో కనీసం మూడు నాలుగు సిట్టింగులు చేస్తాం, ముఖం పూర్తిగా నున్నగా అయిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. వెడల్పాటి గుంటలు బాగానే లేస్తాయి, సన్నగా లోతుగా దిగినవి దీనికి లొంగవు, వాటికి టీసీఏ యాసిడ్ చుక్క పెట్టడం లాంటివి వేరే ఉన్నాయి.

మీ ఉత్తరంలో నాకు పట్టింది ఆ గడ్డం దగ్గర మొటిమలు. చీము మొటిమ మీద సూదులు తిప్పితే ఇన్ఫెక్షన్ పక్కలకి పాకుతుంది, అందుకని ముందు అవి తగ్గాలి. కొత్తపేటలోనో బ్రాడీపేటలోనో స్కిన్ డాక్టర్ని కలవండి, డబ్బుకి ఇబ్బందైతే గవర్నమెంటు ఆస్పత్రి జీజీహెచ్ ఓపీకి వెళ్ళండి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ బిళ్ళలేమన్నా వాడారా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బి గట్టిపడే తత్వం ఉందా, ఈ రెండూ వాళ్ళడక్కపోయినా మీరే చెప్పండి.

ఇంకోటి, మీ ఉద్యోగం! చేయించుకున్నాక రెండు మూడు రోజులు ముఖం ఎర్రగా మంటగా ఉంటుంది, దాని మీద యార్డు ఘాటు పడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? సరుకు తగ్గాక, ఎండలు కూడా చల్లబడ్డాక మొదలుపెట్టండి, సిట్టింగుకి నాలుగు రోజులు సెలవు పెట్టండి, సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా రోజూ రాయండి, లేకపోతే మన రంగు చర్మాలకి కొత్తగా నల్లమచ్చలు పడతాయి. పెళ్ళిచూపుల వారంలో అసలొద్దు. ఇక రోలర్ సంగతి, ఇంట్లో వాడుకునేవాటి సూది 0.2, 0.3 మిల్లీమీటర్లే, గుంట అడుక్కి చేరదు, పొడుగు సూదులవి కొని సొంతంగా తిప్పుకుంటే పుళ్ళు పడతాయి.

ప్రశ్న: నేనూ మా అమ్మాయీ ఒకే డెర్మారోలర్ వాడుతున్నాం, స్పిరిట్‌తో కడుగుతాం లెండి, పర్లేదా? – ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: తల్లీకూతుళ్ళైనా కుదరదమ్మా, అది రక్తం తగిలే వస్తువు, పైపైన స్పిరిట్ పోస్తే సూదుల మొదట్లోది పోదు. అమెరికాలో న్యూమెక్సికోలో ఒక స్పాలో ఇలాంటి సూదుల ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్ళకి హెచ్‌ఐవీ అంటిందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో రిపోర్టే ఇచ్చింది. ఇద్దరూ ఒకసారి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ టెస్టులు చేయించుకోండి, ఆ రోలర్ని గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించి పారెయ్యండి, చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి గుచ్చుకుంటుంది.